విండోస్ డిఫెండర్ రివ్యూ: మనక్కావలసిన ఫైళ్లు మింగేసే యాంటీవైరస్‌ని దారికి తెచ్చుకోవడం

ముందే చెప్పేస్తున్నా, డిఫెండర్‌ని పూర్తిగా ఆపేసే చిట్కా కోసం వచ్చినవాళ్లకి ఇక్కడ ఏమీ దొరకదు. విండోస్‌తో పాటు ఉచితంగా వచ్చే ఈ యాంటీవైరస్ పనితనం మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. జర్మనీలోని ఏవీ-టెస్ట్ ల్యాబు పరీక్షల్లో డబ్బు పెట్టి కొనేవాటితో సమానంగా మార్కులు తెచ్చుకుంటోంది, ఏడాదికోసారి రెన్యువల్ గొడవ లేదు, పాత సిస్టమ్‌ని మరీ నత్తనడక నడిపించదు. నా గొడవంతా దాని నడవడిక గురించి. అనుమానం వస్తే చాలు, ఫైల్‌ని అడక్కుండా పట్టుకుపోతుంది, ఎక్కడ పెట్టిందో సూటిగా చెప్పదు, తీరా తిరిగి తీసుకుందామని వెళ్తే ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో వివరించదు. పగ్గాలు లేవా అంటే ఉన్నాయి, అన్నీ ఉన్నాయి, కాకపోతే తలా ఒక మూల.

పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కల్లో: 2004 చివర్లో మైక్రోసాఫ్ట్ జెయింట్ అనే చిన్న కంపెనీని కొని, వాళ్ల యాంటీస్పైవేర్‌నే 2006లో విండోస్ డిఫెండర్‌గా వదిలింది. అప్పట్లో అది స్పైవేర్, అంటే మనకి తెలియకుండా మన సమాచారం లాగే ప్రోగ్రామ్‌లని, మాత్రమే చూసేది. 2009లో సెక్యూరిటీ ఎసెన్షియల్స్ వచ్చింది, గుర్తుందా, విండోస్ 7 వేసిన ప్రతివాళ్లూ దాన్నే వేసుకునేవాళ్లు. 2012లో విండోస్ 8తో ఆ రెండూ కలిసిపోయి డిఫెండరే అసలు యాంటీవైరస్ అయింది. 2020లో అధికారికంగా మైక్రోసాఫ్ట్ డిఫెండర్ యాంటీవైరస్ అని పేరు మార్చారు గానీ ఎవరూ అలా పిలవరు.

ఇది ఎలా పట్టుకుంటుందో కళ్లారా చూడాలంటే నిజం వైరస్ అక్కర్లేదు. ఐకార్ అని ఒక టెస్ట్ ఫైల్ ఉంది, మొత్తం 68 అక్షరాలు, ఎవరికీ హాని చేయదు, యాంటీవైరస్ మేలుకుని ఉందో లేదో చూడటానికే అందరూ ఒప్పుకుని పెట్టుకున్నది. ఆ వరసని నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి డెస్క్‌టాప్ మీద సేవ్ కొట్టండి. క్షణాల్లో కుడివైపు కింద మూల నుంచి థ్రెట్స్ ఫౌండ్ అని ఒక నోటిఫికేషన్ లేస్తుంది, మీరు చదివేలోపే పక్కకి జారుకుంటుంది, డెస్క్‌టాప్ మీద ఫైల్ ఉండదు. రీసైకిల్ బిన్‌లోనూ ఉండదు. ఆ నోటిఫికేషన్ వచ్చినప్పుడు మీరు టీ కోసం లేచి వెళ్లారనుకోండి, లేదా ఫుల్‌స్క్రీన్‌లో సినిమా చూస్తున్నారనుకోండి, ఇక అంతే, ఫైల్ ఏమైందో మీకు వెంటనే తెలిసే దారి లేదు. పెన్‌డ్రైవ్ పాడైందనో, పిల్లలు డిలీట్ చేశారనో, డౌన్‌లోడ్ సరిగ్గా అవ్వలేదనో అనుకుంటాం. ఫైల్ ఉండాల్సిన చోట దాని పేరుతో ఓ చిన్న చీటీ వదిలినా, ఎన్ని ఇళ్లలో ఎంత టెన్షన్ తప్పేది?

వెతకాల్సిన చోటు విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీ. స్టార్ట్ మెనూలో విండోస్ సెక్యూరిటీ అని కొట్టి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ లోపలికి వెళ్తే ఆ లింకు కనపడుతుంది. ఈ పేజీ నిదానంగా తెరుచుకుంటుంది, తెరుచుకున్నాక పైకి కనపడేవి థ్రెట్ క్వారంటైన్డ్ (పట్టుకుని విడిగా బంధించినవి), థ్రెట్ బ్లాక్డ్ అనే వరుసలు, పక్కన తేదీ, కుడి చివర సివియర్ అనో లో అనో. ఏ ఫైల్‌ని పట్టుకుందో ఆ వరుస మీద కనపడదు, ఒక్కోదాన్నీ నొక్కి, అడ్మిన్ పర్మిషన్ అడిగితే ఎస్ కొట్టి, కిందికి జరిగితే అఫెక్టెడ్ ఐటమ్స్ దగ్గర అప్పుడు ఫైల్ దారి ఉంటుంది. మనిషికి కావలసిన మొదటి సమాచారం అదే, దాన్ని చిట్టచివర పెట్టారు. పట్టుకునే పనికి పదికి తొమ్మిది ఇస్తా, ఈ పేజీకి నాలుగు కూడా ఎక్కువే.

అక్కడ యాక్షన్స్ అనే బటన్ ఉంటుంది. క్వారంటైన్‌లో ఉన్నవాటికి రీస్టోర్, రిమూవ్ వస్తాయి, కొన్నిటికి అలౌ ఆన్ డివైస్ వస్తుంది. ఇక్కడ కాస్త ఆగండి. ఈ అలౌ అనేది మీరు అనుకున్నట్టు ఆ ఒక్క ఫైల్‌కి ఇచ్చే అనుమతి కాదు, డిఫెండర్ దానికి పెట్టిన ముప్పు పేరుకి ఇచ్చేది. అలౌడ్ థ్రెట్స్ జాబితా తెరిస్తే కనపడేవి కూడా ముప్పుల పేర్లే. మీ ఫైల్‌కి ట్రోజన్ వాకటాక్ బీ అని ముద్ర పడిందనుకోండి, చివర ఎంఎల్ అని తోక ఉంటుంది, అది మెషిన్ లెర్నింగ్ మోడల్ వేసిన ముద్ర అని అర్థం. అంటే ఫలానా వైరస్ అని గుర్తుపట్టి కాదు, వాలకం చూసి పట్టుకుంది. ఆ పేరు కింద ప్రపంచంలో అసలైన దొంగ ఫైళ్లు బోలెడు ఉంటాయి. మీ ఫైల్ కోసం ఆ పేరుని అలౌ చేస్తే వాటికీ దారి ఇచ్చినట్టే. కాబట్టి అలౌ బటన్ జోలికి పోకుండా, ఎక్స్‌క్లూజన్, అంటే ఫలానా చోట చూడొద్దని డిఫెండర్‌కి ముందే చెప్పి పెట్టడం, వాడుకోవడం మేలు.

సరైన వరస ఇది. ముందు ఒక ఫోల్డర్ చేసుకోండి, సీ డ్రైవ్‌లోనో డీ డ్రైవ్‌లోనో, పేరు ఏదైనా సరే. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో మేనేజ్ సెట్టింగ్స్ నొక్కి, కింది దాకా జారితే ఎక్స్‌క్లూజన్స్ ఉంటుంది, అందులో ఆ ఫోల్డర్‌ని కలపండి. లోపలి ఫోల్డర్లకీ అదే వర్తిస్తుంది. ఆ తర్వాతే ఫైల్‌ని తిరిగి తెచ్చుకోండి. తలకిందులుగా చేసి ముందు రీస్టోర్ కొడితే పాత చోటికి వచ్చిన ఫైల్‌ని మళ్లీ పట్టుకుపోయే అవకాశం ఉంది, ఇక ఈ దాగుడుమూతలు అలా సాగుతూనే ఉంటాయి. రీస్టోర్ బటన్ నొక్కినా ఏమీ జరగడం లేదంటారా, అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ప్రోగ్రామ్ ఫైల్స్‌లో విండోస్ డిఫెండర్ ఫోల్డర్‌లో ఉండే ఎంపీ సీఎండీ రన్ అనే ప్రోగ్రామ్‌ని వాడొచ్చు. రీస్టోర్, లిస్ట్ ఆల్ అని ఇస్తే క్వారంటైన్‌లో ఉన్నవన్నీ వరసగా చూపిస్తుంది, ఫైల్ దారి ఇస్తే దాన్ని వెనక్కి ఇస్తుంది, పాత్ అని ఇంకో ఫోల్డర్ చూపిస్తే అక్కడ పెడుతుంది. అంటే నేరుగా మీ ఎక్స్‌క్లూజన్ ఫోల్డర్‌లోకే దింపుకోవచ్చన్నమాట. ఇంత పనికొచ్చే సౌకర్యాన్ని నల్ల తెరలో దాచిపెట్టి, కనపడే పేజీలో సగం పని చేసే బటన్లు పెట్టడం ఏం డిజైనో నాకు బోధపడదు. ప్రోగ్రామ్‌డేటాలో క్వారంటైన్ అనే ఫోల్డర్ ఉంటుంది కదా, అక్కడి నుంచి కాపీ చేసుకుందాం అని వెళ్లొద్దు, ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ అయి, పేర్లు మారి ఉంటాయి, మనకి ఉపయోగం ఉండదు.

ఎక్స్‌క్లూజన్‌లో ఇంకో తిరకాసు ఉంది, తెలిసినవాళ్లు కూడా పప్పులో కాలేసేది ఇక్కడే. ఫైల్, ఫోల్డర్, ఫైల్ టైప్, ప్రాసెస్ అని నాలుగు రకాలు అడుగుతుంది. ప్రాసెస్ కింద మీ ప్రోగ్రామ్ పేరు ఇస్తే ఆ ప్రోగ్రామ్‌ని వదిలేస్తుందనుకుంటాం. వదలదు. ఆ ప్రోగ్రామ్ తెరిచే ఫైళ్లని మాత్రమే వదిలేస్తుంది, అదీ ఫైల్ తెరిచిన క్షణాన చూసే రియల్ టైమ్ కాపలాలో మాత్రమే, షెడ్యూల్ స్కాన్‌లో కాదు. ప్రోగ్రామ్ కూడా బతకాలంటే దాన్ని ఫైల్ కిందో ఫోల్డర్ కిందో విడిగా కలపాలి. ఫైల్ టైప్ కింద ఎగ్జీ అని ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు, అలా ఇచ్చాక డిఫెండర్‌కి ఇక మిగిలే పనేమిటి?

అసలు మంచి ఫైల్‌ని ఎందుకు అనుమానిస్తుంది? తెలిసిన వైరస్‌ల గుర్తు, అంటే సిగ్నేచర్, కలవడం ఒక్కటే కాదు. కొత్త ఫైల్ కనపడితే మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌ని అడుగుతుంది, జవాబు వచ్చేదాకా మామూలుగా 10 సెకన్ల వరకు ఆ ఫైల్‌ని ఆపి ఉంచుతుంది. ఎంతమంది దగ్గర ఉంది, ఎవరు సంతకం చేశారు, తెరిచాక ఏం చేస్తోంది అని చూస్తుంది. ఈ లెక్కలో మొదట దొరికేది చిన్న డెవలపర్లు. పైథాన్‌లో ఓ చిన్న బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసి పైఇన్‌స్టాలర్‌తో ఒకే ఎగ్జీ ఫైల్‌గా మార్చారనుకోండి. అది తెరుచుకునేటప్పుడు తనని తాను టెంప్ ఫోల్డర్‌లో విప్పుకుని అక్కడి నుంచి నడుస్తుంది, డిజిటల్ సంతకం ఉండదు, ప్రపంచంలో ఆ ఫైల్ ఉన్న సిస్టమ్ మీదొక్కటే, పైగా అదే పైఇన్‌స్టాలర్‌తో కట్టిన మాల్‌వేర్ కూడా బోలెడు తిరుగుతోంది. ఇన్ని కలిశాక ఎంఎల్ తోక పడటంలో ఆశ్చర్యం లేదు. కీబోర్డ్ షార్ట్‌కట్లు తయారుచేసుకునే ఆటోహాట్‌కీ స్క్రిప్టులదీ ఇదే పరిస్థితి. గో భాష వాళ్లయితే తమ అధికారిక ప్రశ్నల పేజీలోనే, మా కంపైలర్ తయారుచేసిన ఫైళ్లని విండోస్‌లో యాంటీవైరస్‌లు పొరపాటున పట్టుకుంటుంటాయని రాసి పెట్టుకున్నారు.

మీరే డెవలపర్ అయితే కస్టమర్‌కి ఫోన్ చేసి సార్, డిఫెండర్ ఆపేయండి అని చెప్పకండి. ఒకే ఫైల్‌గా కాకుండా ఫోల్డర్‌గా కట్టి ఇస్తే చాలాసార్లు గొడవ తగ్గుతుంది, యూపీఎక్స్ అనే టూల్‌తో ఫైల్‌ని కుదించడం మానేస్తే ఇంకా తగ్గుతుంది. డిజిటల్ సంతకానికి కావలసిన కోడ్ సైనింగ్ సర్టిఫికెట్ ఖర్చు మన చిన్న షాపులకి బరువే గానీ పదిమందికి అమ్మే సరుకైతే తప్పదు. మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ ఇంటెలిజెన్స్ సైట్‌లో ఫైల్ సబ్మిట్ చేసే పేజీ ఉంది, అందులో సాఫ్ట్‌వేర్ డెవలపర్ అని ఎంచుకుని ఇది తప్పుగా పట్టుకున్నారు అని పంపొచ్చు. నిజంగానే పొరపాటని తేలితే ముద్ర తీసేస్తారు, తర్వాత వచ్చే అప్‌డేట్‌తో అందరి సిస్టమ్స్‌లోనూ సర్దుకుంటుంది. అందుకే ఫైల్ పోగానే ముందు చేయాల్సిన పని చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కడం, వైరస్‌లని గుర్తుపట్టే జాబితాలు, అంటే డెఫినిషన్లు, రోజుకి చాలాసార్లు మారుతుంటాయి, పొద్దున దొంగ అన్నదాన్ని సాయంత్రానికి వదిలేయొచ్చు.

పొరపాట్లు చిన్నవాళ్ల ఫైళ్లతోనే జరుగుతాయనుకోకండి. 2011 సెప్టెంబర్ 30న సెక్యూరిటీ ఎసెన్షియల్స్ ఏకంగా గూగుల్ క్రోమ్‌నే జీబాట్ అనే పాస్‌వర్డ్ దొంగ అనుకుని తీసిపారేసింది. 2022 సెప్టెంబర్ 4న క్రోమ్, ఎడ్జ్, డిస్కార్డ్ లాంటివి తెరిచినప్పుడల్లా హైవ్ జడ్‌వై అని ఎర్ర హెచ్చరిక, తీసేసినా మళ్లీ మళ్లీ అదే. ఆదివారం పూట జనం సిస్టమ్ ఫార్మాట్ చేయాలేమోనని బెంబేలెత్తిపోయారు, కొత్త డెఫినిషన్ వచ్చాక చల్లబడింది. 2023 జనవరి 13న వచ్చిన అప్‌డేట్ అయితే ఆఫీసుల్లో వాడే ఒక నిబంధన వల్ల స్టార్ట్ మెనూలోని షార్ట్‌కట్లని తుడిచిపెట్టింది, అవి క్వారంటైన్‌లో కూడా లేవు, వాటిని మళ్లీ పుట్టించడానికి మైక్రోసాఫ్టే ఒక స్క్రిప్ట్ ఇవ్వాల్సి వచ్చింది.

కానీ అన్నీ పొరపాట్లే అనుకోవడం కూడా తప్పు, పొరపాటుకీ అసలు వైరస్‌కీ మధ్యరకాలు కూడా ఉన్నాయి. 2025 మార్చిలో సిస్టమ్ ఫ్యాన్ వేగం, లైట్ల రంగులు మార్చే ఫ్యాన్ కంట్రోల్, ఓపెన్ఆర్‌జీబీ లాంటి ప్రోగ్రామ్‌లు వాడేవాళ్లకి విన్‌రింగ్ జీరో అనే డ్రైవర్‌ని హ్యాక్‌టూల్ అని పట్టుకుంది. జనం తిట్టారు, తిట్టడం సహజం, ఫ్యాన్ వేగం మార్చుకునే దానికి హ్యాకింగ్ ఏమిటని. కానీ ఆ డ్రైవర్‌లో లోపం నిజం, 2020 నుంచీ నమోదై ఉంది, దాన్ని పట్టుకుని సిస్టమ్ గుండెకాయ దాకా వెళ్లొచ్చు. ప్రోగ్రామ్ మంచిది, అందులో వాడిన ముక్క ప్రమాదకరం. ఇలాంటప్పుడు ఎక్స్‌క్లూజన్ పెట్టుకునే ముందు ఆ ప్రోగ్రామ్‌కి కొత్త వెర్షన్ వచ్చిందేమో చూసుకోవడం ఉత్తమం. రెండో మధ్యరకం పీయూఏ, అంటే వైరస్ కాదు గానీ అక్కర్లేని సరుకు, ఇన్‌స్టాలర్‌తో పాటు టూల్‌బార్లు అంటగట్టే బాపతు. 2021 ఆగస్టు నుంచి దీన్ని ఆపడం డీఫాల్ట్‌గా ఆన్ అయింది. ముద్ర పీయూఏ అని మొదలైతే కంగారు పడనక్కర్లేదు, యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌లో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ కింద దానికి వేరే స్విచ్ ఉంది, యాంటీవైరస్ మొత్తాన్ని ఆపక్కర్లేదు.

ఫైల్‌ని ఒకేసారి చాలా యాంటీవైరస్‌లతో పరీక్షించే వైరస్‌టోటల్ సైట్‌లో వేసి చూడమని అందరూ చెబుతారు, మంచి సలహానే, డెబ్బై దాకా ఇంజన్లలో ఒకటి రెండు మాత్రమే ఎర్రగా ఉంటే చాలావరకు పొరపాటే. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, అక్కడికి ఎక్కించిన ఫైల్ మీది మాత్రమే కాదు, డబ్బు కట్టే కస్టమర్లు దించుకోగలరు. ఆధార్, పాన్ నంబర్లున్న ఎక్సెల్ షీట్లు, ఆఫీసు ఫైళ్లు అందులో వేయకండి.

ఎక్సెల్ అంటే గుర్తొచ్చింది. జనవరి, ఫిబ్రవరి వచ్చిందంటే మన ఆంధ్ర, తెలంగాణ టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇన్‌కమ్ ట్యాక్స్ షీట్లు తిరుగుతాయి, తోటి టీచర్లే మాక్రోలతో, అంటే షీట్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్‌లతో, తయారుచేసినవి, జీతం వివరాలు కొడితే ఫారం 16 దాకా వచ్చేస్తుంది. అవి తెరవగానే పైన ఎర్ర పట్టీ వచ్చి మాక్రోలు బ్లాక్ చేశాం అంటే డిఫెండర్‌ని తిట్టుకునేవాళ్లు చాలామంది. ఆ పాపం డిఫెండర్‌ది కాదు. నెట్ నుంచి దిగిన ఫైళ్లలో మాక్రోలని ఆపడం 2022 నుంచి ఆఫీస్ మొదలుపెట్టిన పని. పంపినవాళ్లు తెలిసినవాళ్లే, నమ్మకం ఉంది అనుకుంటే ఫైల్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కింద అన్‌బ్లాక్ టిక్ పెట్టి ఓకే, అంతే. జిప్‌లో వస్తే విప్పకముందే జిప్‌కి అన్‌బ్లాక్ చేయండి, లేకపోతే లోపల ప్రతి ఫైల్‌కీ విడివిడిగా చేయాలి. అలాగే నీలం తెర వచ్చి విండోస్ ప్రొటెక్టెడ్ యువర్ పీసీ అంటే అది స్మార్ట్‌స్క్రీన్ అనే వేరే కాపలా, మోర్ ఇన్ఫో నొక్కితే రన్ ఎనీవే వస్తుంది. ఫైల్ సేవ్ అవ్వకుండా డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోకి రాయనివ్వడం లేదంటే కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఎవరో ఆన్ చేశారు, మామూలుగా అది ఆఫ్‌లోనే ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో ట్రయల్ యాంటీవైరస్ ఏదైనా వేసి వచ్చి ఉంటే అసలు డిఫెండర్ పక్కకి తప్పుకుని ఉంటుంది, మీ ఫైల్ దాని దగ్గర వెతకాలి.

ఇక రియల్ టైమ్ ప్రొటెక్షన్ ఆఫ్ చేయడం. చేయొచ్చు, కాసేపే, తర్వాత అదే ఆన్ అయిపోతుంది, మిగిలిన ఫైళ్లని అప్పుడు పట్టుకుంటుంది. రిజిస్ట్రీలో డిజేబుల్ యాంటీస్పైవేర్ అని పెట్టే పాత చిట్కా 2020 నుంచి పనిచేయదు, 2019లో వచ్చిన, సెట్టింగ్స్‌ని ఇతర ప్రోగ్రామ్‌లు మార్చకుండా ఆపే ట్యాంపర్ ప్రొటెక్షన్ మిగతా దొడ్డిదారులనీ మూసేసింది. ఇది మనల్ని ఇబ్బంది పెట్టడానికి అనిపిస్తుంది గానీ సిస్టమ్‌లోకి దూరిన చాలా మాల్‌వేర్ మొదట చేయాలనుకునేది డిఫెండర్‌ని ఆపడమే, మనకి సులువైతే దానికీ సులువే. ఇంట్లో వాడే సిస్టమ్‌లో సెట్టింగ్స్ మీ సంస్థ చేతిలో ఉన్నాయి అని కనపడితే మాత్రం ఆలోచించాల్సిందే, ఏ ట్వీక్ టూలో, ఏ మాల్‌వేరో పాలసీ మార్చి ఉంటుంది.

లైసెన్సు కొనకుండా పని కానిచ్చే విండోస్ యాక్టివేటర్లు, పగలగొట్టిన పాత తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్ల లోడర్లు పట్టుకుపోయిందని బాధపడేవాళ్ల గురించి ఏం చెప్పను. హ్యాక్‌టూల్ అని ముద్ర వేసింది, అవి హ్యాక్‌టూల్సే, అందులో డిఫెండర్ తప్పు లేదు. అవే పేర్లతో అసలు మాల్‌వేర్ కూడా వస్తుంది, ఏది ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు. దీనికి సిస్టమ్ అసెంబుల్ చేసిచ్చే కొందరు కనిపెట్టిన పరిష్కారం ఒకటుంది: యాక్టివేటర్ పోకుండా ఉండాలని సీ డ్రైవ్ మొత్తాన్ని ఎక్స్‌క్లూజన్‌లో పెట్టేసి ఇచ్చేస్తారు. పైకి పచ్చ టిక్కు, అంతా సవ్యంగా ఉందని మెసేజ్, లోపల ఆ డ్రైవ్‌లో ఏదీ చూడదు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌నో టెంప్‌నో కలిపినా దాదాపు అంతే. ఎక్స్‌క్లూజన్స్ పేజీలో మీరు కలపని వరుస ఏదైనా కనపడితే నొక్కి రిమూవ్ కొట్టండి, ఆ తర్వాత ఫుల్ స్కాన్ పెట్టి వదిలేయండి, రాత్రంతా పట్టినా పట్టనివ్వండి.